వాక్కు నుంచి గ్రంథం వరకు: రాజ్ రెడ్డి పరిశోధన ప్రస్థానం

1. ఉపోద్ఘాతం:

కంప్యూటర్ శాస్త్రంలో అత్యున్నతమైన ట్యూరింగ్ పురస్కారాన్ని 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి అందుకున్న దబ్బాల రాజగోపాల్ రెడ్డి (రాజ్ రెడ్డి) తెలుగువారు. ఆయన కృషిలో రెండు దశలు కనిపిస్తాయి. మొదటిది మానవవాక్కును యంత్రం గ్రహించే తీరుకు, రెండవది ముద్రిత గ్రంథాలను డిజిటల్ రూపంలోకి తేవడానికి సంబంధించినవి. ఈ రెండింటినీ కలిపే సూత్రాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. వాక్కు - అవగాహన:

రాజ్ రెడ్డి 1937లో చిత్తూరు జిల్లా కాటూరులో జన్మించారు. గిండీ ఇంజనీరింగ్ కళాశాలలో 1958లో పట్టా పొంది, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో 1966లో డాక్టరేట్ అందుకున్నారు. 1969లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో చేరారు. మానవుని ఆలోచనా ప్రక్రియను కంప్యూటర్ నమూనాలతో వివరించిన అలెన్ న్యూవెల్, హెర్బర్ట్ సైమన్ అక్కడి ఆచార్యులే.

1970వ దశకంలో అక్కడ రూపొందిన 'హియర్‌సే-2' వ్యవస్థ కీలకమైనది. 'వాడక్కడున్నాడు' అన్న మాటలో మూడు పదాలున్నాయి. ఏ పదం ఎక్కడ ముగిసిందో ధ్వని ఒక్కటే చెప్పదు. పదజాలం, వ్యాకరణం, సందర్భం తెలిసిన శ్రోతకే అది తెలుస్తుంది. ఈ వ్యవస్థలో ధ్వని, పదం, వాక్యం, అర్థం వంటి వేర్వేరు జ్ఞానాంశాలు తమ ఊహలను ఉమ్మడి 'నల్లబల్ల'పై ఉంచి, పరస్పరం సరిచూసుకొంటూ నిర్ణయానికి వస్తాయి.

3. గ్రంథ డిజిటలీకరణ:

రాజ్ రెడ్డి ప్రభృతులు తలపెట్టిన పది లక్షల పుస్తకాల పథకంలో భారత్, చైనా, ఈజిప్టు సంస్థలు పాలుపంచుకొన్నాయి. 2007 నాటికి స్కాన్ చేసిన పుస్తకాలు 15 లక్షలు దాటాయి. భారతీయ డిజిటల్ గ్రంథాలయం ద్వారా అరుదైన తెలుగు గ్రంథాలెన్నో పరిశోధకులకు అందాయి. అయితే వాటిలో అధికభాగం పుటల ఛాయాచిత్రాలే. పైగా గ్రంథనామాలను రోమన్ లిపిలో తోచిన విధంగా నమోదు చేయడం వల్ల ఉన్న పుస్తకం సైతం దొరకని స్థితి ఏర్పడింది.

4. పొందూరు ఉదాహరణ:

గ్రామీణ విద్యార్థుల కోసం 2008లో ఏర్పడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయానికి రాజ్ రెడ్డి తొలి కులపతి. ఆ విశ్వవిద్యాలయపు శ్రీకాకుళం ప్రాంగణం పొందూరుకు సమీపంలోని ఎచ్చెర్లలో ఉంది. అక్కడి విద్యార్థి పొందూరు ఖద్దరు చరిత్రను పరిశోధించదలచాడనుకొందాం. వాలుగ చేప దవడతో పత్తిని ఏకే పద్ధతి గురించి ఒక పాత పుస్తకంలో ప్రస్తావన ఉన్నా, పుట బొమ్మగానే ఉన్నంతవరకు యంత్రం దానిని వెదకి ఇవ్వలేదు. అక్షరాలను గుర్తించాలి; చెరిగిన ముద్రణలో 'ప', 'వ'లను వేరుచేయాలి; అందుకు నిఘంటువు, సంధి జ్ఞానం, వాక్యసందర్భం తోడు కావాలి.

5. ముగింపు:

ధ్వనితరంగం వాక్కు కానట్లే పుట బొమ్మ గ్రంథం కాదు. రెండింటికీ భాషాజ్ఞానం తోడైనప్పుడే అర్థం లభిస్తుంది. వాక్పరిశోధనలో రాజ్ రెడ్డి బృందం నిరూపించిన ఈ సూత్రాన్ని తెలుగు గ్రంథాలకు అన్వయించే పనిలో భాషాశాస్త్రజ్ఞులు, గ్రంథపాలకులు, సాంకేతిక నిపుణులు కలిసి పాల్గొనాలి. స్కానింగుతో పుస్తకం నశించకుండా నిలిచింది. అది చదువరికి చేరవలసి ఉంది.