నోటీసుకి ఒక్క రోజు ముందు

1989 ఫిబ్రవరి 3, శుక్రవారం. లాస్ ఏంజెలెస్‌లో, శాన్ ఫెర్నాండో లోయలో ఉన్న ఫిల్మేషన్ అనే కార్టూన్ బొమ్మల కంపెనీని ఆ రోజుతో మూసేశారు. రెండు వందల మందికి పైగా రోడ్డున పడ్డారు. పెద్ద కంపెనీలు ఇలా మనుషుల్ని తీసేసేముందు 60 రోజుల నోటీసు ఇవ్వాలన్న అమెరికా చట్టం సరిగ్గా ఆ మర్నాడే అమల్లోకి వచ్చింది. నెల్లిమర్ల జూట్‌మిల్లు గేటు మీద లాకౌట్ నోటీసు చదువుకున్న జిల్లా మనది. ఆ తొందర ఎందుకో మనకి ఒకరు చెప్పక్కర్లేదు.

కంపెనీ పేరు మన ఊళ్లలో ఎవరికీ తెలీదు. అది కన్న హీమేన్ మాత్రం గుంటలందరికీ తెలుసు. దూరదర్శన్‌లో వాడొచ్చే వేళకి టీవీ ఉన్న ఇంటి వీధరుగు నిండిపోయేది. వెదురు గెడకి కట్టిన యాంటెనా తిప్పడానికి ఒకడు డాబా ఎక్కేవాడు. ‘ఒచ్చిందేట్రా?’ అని పైనుంచి కేక. ‘నేదు, ఇంకాస్త తిప్పు!’ అని కిందనుంచి. చుక్కల్లోంచి బొమ్మ తేలేసరికి, హీమేన్‌గా మారే ఆడమ్ కత్తి ఎత్తేవాడు. వారంవారం అదే కత్తి, అదే మెరుపు, అదే పరుగు. జముకుల కథలో వంత మళ్లీ అందుకున్నట్టుండేది మాకు. ఒకసారి గీసిన బొమ్మల్నే దాచుకుని వాడుతున్నారన్న ఆలోచనే రాలేదు.

తెర మీద సెకనుకి 24 ఫ్రేములు కదలాలి. డిస్నీ సినిమాలకైతే సెకనుకి 12 నుంచి 24 బొమ్మలు గీసేవారు. టీవీ ఇచ్చే డబ్బుకి అది అయ్యే పని కాదు. అందుకే ఒళ్లు నిలబడిపోయి నోరొక్కటే కదిలేది. హన్నా-బార్బెరా అనే ఇంకో బొమ్మల కంపెనీ వాళ్లు యోగి బేర్ అనే ఎలుగుబంటి మెడకి టై కట్టింది కూడా తల ఒక్కటే విడిగా గీసుకోడానికే. 1967 నాటి స్పైడర్‌మేన్‌కి సాలెగూడు గీతలు ఒంటినిండా వెయ్యలేక ముసుగు, చేతులు, బూట్లతో సరిపెట్టారు. అంత పొదుపు చేసినా దాన్ని మొదలెట్టిన గ్రాంట్రే-లారెన్స్ కంపెనీ దివాలా తీసింది.

ఫిల్మేషన్‌ని 1962లో లూ షైమర్, హాల్ సదర్లండ్, నార్మ్ ప్రెస్కాట్ కలిసి పెట్టారు. స్టార్ ట్రెక్‌ని 22 భాగాల బొమ్మల సీరియల్‌గా తీసి 1975లో ఎమ్మీ అవార్డు అందుకున్నారు. 1983లో మొదలైన హీమేన్ 130 భాగాలు నడిచింది. మిగతా కంపెనీలు గీత పనిని కొరియాకీ తైవాన్‌కీ తరలిస్తుంటే షైమర్ దాదాపు పనంతా సొంత ఊళ్లోనే ఉంచాడు. సొంత ఊరివాళ్లకి జీతాలివ్వాలంటే గీతలు తగ్గించుకోవాలి, తగ్గించుకున్నాడు. పని వెతుక్కుంటూ చెన్నైకీ హైదరాబాద్‌కీ బండెక్కే జిల్లాల్లో పుట్టినవాణ్ణి. ఆ పాత పరుగునే వందోసారి చూసినా నాకు తప్పు పట్టబుద్ధి కాదు.

చివరి సీరియల్ బ్రేవ్‌స్టార్, 65 భాగాలు, అంతగా ఆడలేదు. యజమాని వెస్టింగ్‌హౌస్ ఫిల్మేషన్‌ని అమ్మకానికి పెట్టింది. కొన్నది లోరియల్ ముందుండి నడిపిన పెట్టుబడిదారుల బృందం. మొహానికి రాసుకునే క్రీములమ్మే ఆ లోరియలే. వాళ్లకి పాత సీరియళ్ల హక్కులు కావలసివచ్చాయి, గీసే చేతులు అక్కర్లేకపోయాయి. స్నోవైట్ కథకి కొనసాగింపుగా ఫిల్మేషన్ తీసిన సినిమా అమెరికా హాళ్లకి వచ్చేసరికి 1993 అయింది.

హన్నా-బార్బెరాదీ ఇంచుమించు అదే దారి. 1995లో మన దేశానికి వచ్చిన కార్టూన్ నెట్‌వర్క్ వాళ్ల పాత బొమ్మల్ని కేబుల్ తీగ మీద మన ఇళ్లకి తెచ్చింది. 2001లో విలియం హన్నా పోయాడు, ఆ ఏడాదే కంపెనీ వార్నర్‌లో కలిసిపోయింది.

హీమేన్‌లో గాల్లో తేలుతూ మాటాడే ఓర్కో గొంతు షైమర్‌దే. ఇంకా ఎన్నో పాత్రలకి తనే గొంతు ఇచ్చుకున్నాడు. 2013 అక్టోబర్ 17న, 84 ఏళ్ల వయసులో కన్నుమూశాడు.

మీ పిల్లలకి హీమేన్ ఎప్పుడైనా చూపిస్తే కథ అయిపోగానే ఆపెయ్యకండి. చివర్లో గీసినవాళ్ల పేర్లు వరసగా వస్తాయి. అవి కూడా చూపించండి.