చీటిగుడ్డ చిన్నబోయిన కథ

ఇంగ్లీషు నిఘంటువులో బట్టల పేర్లు చూస్తుంటే మనింటి బీరువా తెరిచినట్టే ఉంటుంది నాకు. పైజమా, శాలువా మనవైపు నుంచి వెళ్లినవే. కాలికట్ రేవు పేరు ‘కాలికో’ అయింది. బొంబాయి డోంగ్రీలో దొరికే ముతకగుడ్డ ‘డంగరీ’ అయి దొరల నావికుల ఒంటికెక్కింది. ఇవన్నీ పరువుగానే బతుకుతున్నాయి. నాకు జాలేసేది ‘చింట్జ్’ అన్న మాట మీద.

అదేదో కాదండీ, మన చీటిగుడ్డే! చిన్నప్పుడు చీటి పరికిణీలు కట్టుకోలేదూ? ఆ చీటే. హిందీ ‘ఛీంట్’కి బహువచనంగా ‘ఎస్’ తగిలించి, ఆ సంగతి మరిచిపోయి, ఏకవచనంగా వాడేసుకున్నారు ఇంగ్లీషువాళ్లు.

1611లో ఇంగ్లీషు కంపెనీ మచిలీపట్నంలో దుకాణం తెరిచింది. చిరివేరుతో ఎరుపు తేల్చి, కలంతో పువ్వులు దిద్దిన మనవాళ్ల గుడ్డ ఎన్ని ఉతుకులకీ వెలిసేది కాదు. 1663లో లండన్‌లో శామ్యూల్ పీప్స్ అనే పెద్దమనిషి భార్య గదికి చింట్జ్ కొన్నానని డైరీలో రాసుకున్నాడు. కలవారింటి వస్తువన్నమాట.

మోజు ముదిరితే అక్కడి నేతగాళ్లు ఊరుకుంటారా? 1719లో కాలికో గౌన్లతో వీధిలో కనబడ్డ ఆడవాళ్ల బట్టలు చింపారు. పాపం, కడుపుమంట వాళ్లది. పరువు పోయింది ఆడవాళ్లది. 1721లో పార్లమెంటు అద్దకపు కాలికో తొడుక్కోవడమే నేరమంది. 1774లో ఆ చట్టం రద్దయ్యేనాటికి అద్దకం వాళ్లే నేర్చేసుకున్నారు.

ఆనక మిల్లులు గజాలకొద్దీ అచ్చేసి పోశాయి. చవకయ్యేసరికి మాట కూడా చులకనైంది. 1851లో జార్జ్ ఎలియట్ (ఆవిడింకా నవలలు మొదలుపెట్టలేదు) ఓ ఉత్తరంలో ఒక గుడ్డని ‘చింట్జీ’గా ఉందని తీసిపారేసింది. ఇప్పుడా మాటకి చౌకబారు అని అర్థం. అమెరికాలో పిసినారిని కూడా అలాగే అంటారు! నకలు చేసింది మిల్లు, నింద మోసింది మన చీటి.

ఈ పాతకథ ఇప్పుడెందుకంటారా? పెడనలో, మచిలీపట్నంలో చేతి అద్దకం ఇంకా బతికే ఉంది. దాని పేరు కలంకారీ. ఏ కొట్టుకెళ్లినా మిషను అచ్చు చీరని కూడా ‘కలంకారీయేనమ్మా’ అనే చేతిలో పెడుతున్నారు. నచ్చితే తీసుకోండి, చవకది కట్టుకోవడం తప్పేం కాదు. నేనూ కడతాను. కానీ బిల్లు రాసేటప్పుడు, ‘ఇది అచ్చు చీర బాబూ, కలంకారీ కాదు’ అని ఒక్కమాట అనండి. చీటికి పట్టిన గతి ఈ మాటకి పట్టకుండా మనం చేయగలిగింది ఆ మాత్రమైనా ఉంది.