బగ్దాదు చెరసాలలు - ఒక వజీరు జాబు

కిక్కిరిసిన జైలులో రోగం ప్రబలుతుందని గ్రహించడానికి లోకం సూక్ష్మక్రిముల సిద్ధాంతం కోసం వేచి ఉండలేదు. అబ్బాసీ ఖలీఫా అల్ ముఖ్తదిర్ వద్ద హి.శ. 301 (క్రీ.శ. 913)లో మొదటిసారి వజీరు పదవి చేపట్టిన అలీ ఇబ్నె ఈసా జాబు ఇందుకు సాక్ష్యం.

వ్యాధులు విజృంభించిన ఒక సంవత్సరం ఆయన బగ్దాదు వైద్యప్రముఖుడు సినాన్ ఇబ్నె సాబిత్‌కు ఖైదీలను గురించి వ్రాశారు. ఖైదీలు అనేకులు, వారున్న చోట్లు దుర్భరం. కనుక వారికి రోగాలు తప్పవు. పైగా వైద్యుని వెదుక్కుంటూ పోయే వీలు వారికి లేదు. కాబట్టి ప్రత్యేకంగా వైద్యులను నియమించి ప్రతిదినం పంపాలి. వారు మందులు, పానకాలు వెంట తీసుకుని అన్ని జైళ్ళూ తిరగాలి. అవసరమైన వారికి పథ్యం ఏర్పాటు చేయాలి. ఇదీ జాబు సారాంశం. సినాన్ అలాగే చేశారు.

ఇందులో దయ కంటే వాదన ముఖ్యం. స్వేచ్ఛ గల రోగి వైద్యుని వద్దకు తానే పోగలడు. ఆ స్వేచ్ఛను ప్రభుత్వం హరించింది గనుక వైద్యుణ్ణి అతని వద్దకు పంపడం ప్రభుత్వ విధి అయింది.

ఈ విధికి పునాది అంతకు శతాబ్దం ముందే పడింది. హారూన్ రషీద్ కోసం వ్రాసిన 'కితాబుల్ ఖరాజ్'లో ఇమాం అబూ యూసుఫ్ (మరణం హి.శ. 182/క్రీ.శ. 798) ఖైదీలు సంకెళ్ళతో బిచ్చమెత్తుకునే దుస్థితిని తీవ్రంగా ఖండించారు. ఖైదీల పేర్లు నమోదు చేసి, నెలకు పది దిర్హములు ఎవరి చేతికి వారికే ఇవ్వాలన్నారు. రొట్టెలిస్తే జైలు కావలివారు కాజేస్తారని ఆయనకు తెలుసు! చలికాలానికి చొక్కా, కంబళి, వేసవికి చొక్కా, లుంగీ ఇవ్వాలనీ, దిక్కులేని ఖైదీ మరణిస్తే బైతుల్ మాల్ ఖర్చుతో కఫన్, ఖననం జరపాలనీ సూచించారు. ఆయన దృష్టి న్యాయం మీదనే, వైద్యం మీద కాదు. అయితే జైళ్ళను పట్టి పీడించిన టైఫస్ జ్వరం మాసిన బట్టలలోని పేల వల్ల వ్యాపిస్తుందని 1909లో ట్యూనిస్ నగరంలో ఛార్లెస్ నికోల్ నిరూపించిన తరువాత, ఆ చొక్కాల విలువ మరింత తెలిసింది.

వజీరు జాబును అతిగా పొగడనక్కరలేదు. రద్దీయే కారణమని గుర్తించినా, రద్దీ తగ్గించమని గాని, రోగులను వేరుచేయమని గాని అందులో లేదు. జైళ్ళలో రోగులకు వేరు గదులుండాలన్న శాసనం ఇంగ్లాండులో 1774లో వచ్చింది. పైగా ఈ వృత్తాంతం సినాన్ కుమారుడైన చరిత్రకారుడు సాబిత్ ద్వారా 13వ శతాబ్దపు గ్రంథకర్తలకు అందినది. తండ్రి ఘనతను కొడుకు చెప్పినప్పుడు కొంత జాగ్రత్త అవసరమే. కాని తమ జైళ్ళు దుర్భరమని ఒప్పుకున్న మాట వజీరుకు గాని, వైద్యునికి గాని కీర్తి తెచ్చేది కాదు. అటువంటి మాటను కల్పించవలసిన అవసరం ఎవరికీ కనిపించదు.