చారుల కథలు - కాకోలూకీయము నుండి ఆషెండెన్ వరకు

రాజులు చారచక్షువులని పెద్దల మాట. సామాన్యుడు తన కన్నులతో చూచును; రాజు చారుల కన్నులతో చూచును. రాజ్యములు పుట్టిన నాటి నుండియు చారులు కలరు. చారులున్న చోట వారిని గూర్చిన కథలును కలవు. గ్రంథాలయములలో డిటెక్టివు నవలలకును గూఢచారి కథలకును గల గిరాకి యెల్ల రెరిగినదే. 1950, 1960 దశకములలో కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివు యుగంధరుని తెలుగు చదువరులు ఎంతగా ఆదరించిరో చెప్పనక్కర లేదు. ఇట్టి పుస్తకములు కాలక్షేపమునకే గాని జ్ఞానమునకు గావని కొందరు పెద్దలు ఆక్షేపింతురు. ఆ యాక్షేపణ యెంతవరకు నిలుచునో తేల్చుకొనుటకు ఈ కథల పుట్టుపూర్వోత్తరములను పరిశీలింపవలెను. అందును చిన్నకథలే ఈ పరిశీలనకు తగినవి. ఏలయన, చారుని బ్రతుకు చిన్నకథలో ఇమిడినట్లు పెద్ద నవలలో ఇమడదు.

చారవృత్తిని శాస్త్రముగా వ్రాసినవాడు కౌటిల్యుడు. చిరకాలము మరుగుపడియున్న ఆయన అర్థశాస్త్రము 1905లో మైసూరున శామశాస్త్రి గారి కంటబడి, 1909లో అచ్చయినది. అందు గూఢపురుషులు రెండు తెగలుగా చెప్పబడిరి. ఒకచోట నిలిచియుండు వారు కాపటికుడు, ఉదాస్థితుడు, గృహపతికుడు, వైదేహకుడు, తాపసుడు అను ఐదుగురు. తిరుగుచుండు వారు సత్రి, తీక్ష్ణుడు, రసదుడు, భిక్షుకి అను నలుగురు. విద్యార్థి, కర్షకుడు, వర్తకుడు, జడధారి - ఇట్లు ఊరిలో కనబడు ప్రతి వేషమును ఇందు కలదు. ఈ ప్రకరణమున రెండు నియమములు గమనింపదగినవి. ఒక చారుని మాటను నమ్మరాదు. వేర్వేరుగా మువ్వురు చెప్పినది ఒకటియైన యెడల నమ్మవచ్చును. రెండవది, చారులు ఒకరి నొకరు ఎరుగరాదు. ఈ రెండవ నియమమే చిన్నకథకు మూలమని చెప్పవచ్చును. చారునికి తన పని యొక్కటే తెలియును. దానికి ముందేమి జరిగినదో, పిమ్మట నేమి జరుగునో తెలియదు. చిన్నకథయు అట్టిదే. అది ఒక తునకను మాత్రమే చూపి తెరవేయును.

మన దేశమున చారకథలకు పెద్దది పంచతంత్రములోని కాకోలూకీయము. గుడ్లగూబల రాజు అరిమర్దనుడు రాత్రివేళ మర్రిచెట్టుపై బడి కాకులను చంపుచుండెను. కాకరాజు మేఘవర్ణుని వృద్ధమంత్రి స్థిరజీవి యొక యుపాయము పన్నెను. తన రాజుచేతనే తన్నులు తిని, రక్తసిక్తమైన దేహముతో చెట్టుక్రింద పడియుండెను. శత్రుపక్షమును పొగడినందుకు తనకీ గతి పట్టెనని గుడ్లగూబలతో మొరపెట్టుకొనెను. రక్తాక్షుడను మంత్రి వీనిని వెంటనే చంపుడని హెచ్చరించెను. తక్కిన మంత్రులు ఒప్పుకొనరైరి. తన మాట చెల్లకపోగా రక్తాక్షుడు తనవారితో ఆ చోటు విడిచిపోయెను. స్థిరజీవి గూడు కట్టుకొను నెపమున గుహవాకిట పుల్లలు పేర్చి, పట్టపగలు గుడ్లగూబలకు కన్ను గానరాని వేళ కాకులను పిలిచి నిప్పు పెట్టించెను. కథ కాకుల గెలుపుతో ముగియును. కాని శ్రద్ధగా చదువువారికి నేటికిని రక్తాక్షుడే జ్ఞప్తికి వచ్చును. చెవి యొగ్గినచో ఒక కుల మంతయు దక్కెడిది.

పాశ్చాత్య దేశములలో చారుని చిన్నకథకు పత్రికలు ప్రాణము పోసినవి. 1870-71లో ప్రష్యా సేనలు పారిస్ నగరమును ముట్టడించెను. ఆ కష్టకాలమును గూర్చి ఆల్ఫాన్స్ దోదే 1873లో వెలువరించిన కథలలో ఒక బాలచారుని కథ కలదు. ఉద్యానవనపు కాపరి కొడుకొకడు, తనకంటె పెద్దవాడైన మరియొక బాలుని వెంట శత్రుశిబిరమునకు వార్తాపత్రికలు అమ్మబోయెను. ఆ పెద్దవాడు ఫ్రెంచివారు ఆ రాత్రి తలపెట్టిన దాడిని శత్రువుల కెరిగించెను. ఇల్లు చేరిన పిల్లవాడు తండ్రికి నిజము చెప్పుకొనెను. తండ్రి ఆ నాణెములు జేబులో వేసికొని, తిరిగి ఇచ్చివచ్చెదనని తుపాకి బట్టి పోయి, మరల రాలేదు. మొపాసా 1883లో ప్రకటించిన ‘ఇద్దరు మిత్రులు’ అను కథలో గాలముతో చేపలు పట్టబోయిన యిద్దరు మిత్రులను ప్రష్యా అధికారి చారులుగా నెంచి సంకేతపదము చెప్పుమనును. వారు చెప్పరు. వారిని కాల్పించి, నదిలో త్రోయించి, వారు పట్టిన చేపలను వేయింపుమనును. చారులు గానివారిని సయితము యుద్ధము చారులుగా లెక్కగట్టుట యిందలి సారము.

ఇంగ్లండున 1891లో స్ట్రాండ్ పత్రిక పుట్టినది. ఒక్క ప్రయాణములోనో ఒక్క సాయంకాలములోనో ముగియు కథలు అందలి ప్రత్యేకత. కోనన్ డాయిల్ తన షెర్లాక్ హోమ్సును దొంగల వెంట మాత్రమే గాక రాజ్యరహస్యముల వెంటను నడపెను. 1908 నాటి బ్రూస్-పార్టింగ్టన్ పటముల కథలో జలాంతర్గామి పటములు ప్రభుత్వ కార్యాలయము నుండి మాయమగును. రైలుమార్గమున శవమై దొరికిన ఒక చిన్న గుమాస్తాపై నేరము పడును. తుదకు తేలిన దేమనగా, ఆ గుమాస్తా దొంగను వెంటాడి ప్రాణము లర్పించిన నిర్దోషి; దొంగ పై యధికారికి స్వయముగా తమ్ముడు. అప్పుల బాధ యాతని నాపని చేయించినది. దస్త్రములు కాచుకొను వారెవరైనను ఈ కథను ఊరక చదివి మూయజాలరు. 1917లో వచ్చిన మరియొక కథలో హోమ్సే రెండేండ్లు మారుపేరుతో జర్మను చారునికి నమ్మినబంటుగా నటించి వానిని పట్టించును. వేషము మారినను ఇది స్థిరజీవి కథయే.

ఇంతవరకు కథకులు చారుని బయటినుండి చూచిరి. లోపలినుండి చూచి వ్రాసినవారిలో మిక్కిలి ప్రసిద్ధుడు సోమర్సెట్ మామ్. ఆయన 1874లో జన్మించి 1965లో మరణించెను. వైద్యవిద్య నభ్యసించి రచయిత యైన ఆయనను 1915లో బ్రిటిషు రహస్యశాఖ చేర్చుకొని స్విట్జర్లాండునకు పంపెను. నాటకములు వ్రాసికొనుటకు వచ్చితినని చెప్పుకొనుట ఆయన వేషము. 1917లో రష్యాకును పంపిరి. ఆ యనుభవముల నుండి పుట్టినది 1928లో వెలువడిన ‘ఆషెండెన్’ కథల సంపుటి. ఇందు గుర్రపు స్వారీలు లేవు, కత్తిసాములు లేవు. హోటలు గదులు, రైలు నిరీక్షణలు, నెలనెల జీతములు, చిల్లర నివేదికలు కలవు. ఒక కథలో శత్రుదూతను చంపించినారు. పిమ్మట సంకేతలిపి తంతి విప్పి చదువగా అసలు దూత రేవు విడిచి బయలుదేరనే లేదని తెలిసినది. చచ్చినవా డెవడో వేరొకడు! మరియొక కథలో దేశద్రోహియైన యొక ఆంగ్లేయుని వలపన్ని పట్టి మరణశిక్షకు గురిచేసిరి. వాని భార్య ఉత్తరమునకై ఎదురుచూచుచుండగా వాని కుక్క మొరిగి యేడ్చును.

ఈ సంపుటిలో మనవారికి తగులు కథ యొకటి కలదు. చంద్రలాల్ అను భారతీయ విప్లవకారుని పట్టుకొనుటకు అతడు వలచిన నర్తకి జూలియా లజారిని బెదరించి ఆమెచేతనే ఉత్తరములు వ్రాయింతురు. అతడు సరస్సు దాటి వచ్చి చిక్కుకొని విషము మ్రింగును. ఆమె తాను బహుమతిగా నిచ్చిన చేతిగడియారమును తిరిగి ఇప్పింపు డని యడుగుటతో కథ ముగియును. ఈ చంద్రలాలునకు మూలము వీరేంద్రనాథ చట్టోపాధ్యాయుడని విమర్శకుల యభిప్రాయము. ఈయన 1880లో హైదరాబాదున జన్మించెను. తరువాత నిజాం కళాశాల యైన విద్యాలయమునకు పునాది వేసిన అఘోరనాథుని కుమారుడు. సరోజినీ నాయుడు గారి సోదరుడు. మొదటి ప్రపంచ యుద్ధకాలమున బెర్లిను నగరమున భారత స్వాతంత్ర్యమునకై పాటుపడెను. స్విట్జర్లాండులో బ్రిటిషువారు పన్నిన వలకు ఆయన చిక్కలేదు. 1927లో సామ్రాజ్యవాద వ్యతిరేక సంఘమునకు కార్యదర్శియై, 1931లో రష్యా చేరి, 1937 సెప్టెంబరు 2వ తేదీన స్టాలిను కాలపు మారణకాండలో చంపబడెను. కథలో ఆయన నొక ప్రభుత్వము చంపినది. నిజముగా చంపినది ఆయన నమ్మి చేరిన వేరొక ప్రభుత్వము.

కావున ఈ కథను హైదరాబాదు పాఠకుడొకడు లండను పాఠకునివలె చదువజాలడు. లండనున అతడు శత్రువు. ఇచ్చట అతడు మన పొరుగింటి బిడ్డ. మెచ్చవలసిన దేమనగా, మామ్ తన కథానాయకునిచేతనే చంద్రలాలుని ధైర్యమును మెచ్చించెను. ఒంటరిగా అంత పెద్ద సామ్రాజ్యము నెదిరించిన వానిని తేలికగా చూడలేమనిపించెను. పై యధికారి ఆ మాటను కొట్టివేయును. కథకుడు ఇరువురి మాటలను వ్రాసి ఊరకుండెను.

జమాఖర్చుల పుస్తకమునకు రెండు వైపులుండును. ఒకవైపు మాత్రమే చూచినవాడు లెక్క చూడనివాడే. కొంచెపు రకము చారకథ గెలుపును జమకట్టి, ఖర్చును దాచును. మంచి చారకథ ఖర్చునే చూపును: తిరిగిరాని తోటకాపరి, నిందపడిన గుమాస్తా, పొరపాటున చచ్చిన బాటసారి, ఎదురుచూచు భార్య. అట్టి కథలను చదువువాడు కాలక్షేపము చేసినవాడు కాడు. రాజ్యములు తమ పుస్తకములలో ఎక్కింపని పద్దులను చదివినవాడు. గ్రంథాలయపు బీరువాలో నీతిగ్రంథముల ప్రక్కనే వీనికిని ఒక అర యుండుట న్యాయము.