వార్త చదివిన కంఠము

“ఆకాశవాణి, వార్తలు చదువుతున్నది...” అను మాటలు వినబడగానే కృష్ణా డెల్టా పల్లెలలో పంచాయతీ రేడియో చుట్టును కూర్చున్నవారు తమ సంభాషణలు చాలించు కాలమొకటి యుండెను. ఆ మాటల వెనుక వచ్చు పేరు గల మనిషిని వారిలో ఎవరును చూచి యెరుగరు. చూడని మనిషి మాటను వారేల నమ్మిరి? ఈ ప్రశ్నకు సమాధానమును ఇద్దరి వృత్తిజీవితములలో వెదకుదము. వారిలో ఒకరు రేడియోలోను, మరియొకరు టెలివిజన్‌లోను తెలుగువారికి వార్తలు చదివినవారు.

విజయవాడలో ఆకాశవాణి కేంద్రము 1948 డిసెంబరు 1వ తేదీన ప్రారంభమయ్యెను. అయినను దేశవార్తలు తెలుగులో ఢిల్లీ నుండి వచ్చెడివి. ఆనాటి ఢిల్లీ కంఠములలో ఒకటి మన డెల్టాదే. తెనాలి చెంతనున్న మోరంపూడిలో జన్మించి, దుగ్గిరాలలో ఉపాధ్యాయులుగా పనిచేసిన కొంగర జగ్గయ్యగారు ఢిల్లీ ఆకాశవాణిలో సుమారు మూడేండ్లు తెలుగు వార్తలు చదివిరి. 1952లో ‘ప్రియురాలు’ చిత్రముతో సినిమారంగమున ప్రవేశించి ‘కంచుకంఠము’ గల నటులుగా ప్రసిద్ధి కెక్కిరి. 1967లో ఒంగోలు నుండి లోక్‌సభకు ఎన్నికైరి. 2004 మార్చి 5న దివంగతులైరి.

ఒకే కంఠము రెండు వృత్తులకు ఉపయోగపడినది గాని, ఆ రెండింటి ధర్మములు వేరు. నటుడు పాత్ర యొక్క దుఃఖమును తన దుఃఖముగా చూపవలెను. వార్తలు చదువువాడు తనకు నిజముగా కలిగిన దుఃఖమును సైతము అణచుకొనవలెను. స్టూడియోలో ఎర్రదీపము వెలిగిన పిమ్మట చేతిలోని కాగితమే అతనికి ప్రమాణము. చదువుచుండగా నడుమ మరియొక కాగితము వచ్చి చేరవచ్చును. అందు ఒక మహానాయకుని మరణవార్త ఉండవచ్చును, పంటల ధర ఉండవచ్చును. రెండింటిని తడబాటు లేక, తన మాట చేర్పక చదువవలెను.

ఈ నిగ్రహము కేవలము మర్యాద కొరకు కాదు. 1977 నవంబరు 19న దివిసీమపై విరుచుకుపడిన ఉప్పెన వేలకొలది ప్రాణములను బలిగొనెను. అట్టి తీరమున తుపాను హెచ్చరిక చదువు కంఠమునకు ఎంత బరువున్నదో డెల్టావారికి వేరుగా చెప్పనక్కరలేదు. ప్రతిదినమును ప్రతి చిన్న సంగతిని గావుకేకతో చెప్పు గొంతు, నిజమైన ఆపద వచ్చిననాడు ఏ గొంతుతో చెప్పును? చెప్పినను వినువారు ఇంటి గడప దాటుదురా?

ఇక టెలివిజన్ సంగతి. మన దేశమున అది 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో ఆకాశవాణి నీడనే ప్రారంభమయ్యెను. 1976లో దూరదర్శన్ వేరు సంస్థ అయ్యెను. హైదరాబాదు కేంద్రము 1977లో వెలసెను. ఆ మరుసటి యేడు ఉద్యోగమున చేరిన శాంతిస్వరూప్‌గారు తెరపై వార్తలు చదువుటకు అయిదేండ్లు వేచియుండిరి. 1983 నవంబరు 14న తొలి తెలుగు టెలివిజన్ వార్తలు వారి నోటనే వెలువడినవి. ఎదుట అక్షరములు చూపు టెలిప్రాంప్టరు లేని ఆ దినములలో వారు వార్తలను కంఠస్థము చేసి, ప్రేక్షకుల వంక చూచుచు చెప్పెడివారు. రేడియోలో కంఠమునకు కావలసిన నిగ్రహము ఇచ్చట కనుబొమలకు, పెదవులకు సైతము కావలసివచ్చెను. 2011లో పదవీవిరమణ చేయునంతవరకు వారి ముఖము తెలుగు ఇండ్లలో ఆప్తుని ముఖమువలె మెలగెను. 2024 ఏప్రిల్ 5న వారు కన్నుమూసిరి.

వారికి స్వంత మాట లేకపోలేదు. భోపాల్ విషవాయు దుర్ఘటనను గూర్చి ‘రాతి మేఘం’ అను నవల వ్రాసిరి. స్వంత మాటకు నవల తగినచోటు, వార్తాసమయము కాదు.

నేడు అహోరాత్రములు వార్తలు చెప్పు చానళ్లు అనేకము కలవు. వాటిలో వార్తలు చెప్పువారు ప్రశ్నింతురు, వాదింతురు, ఒక్కొక్కప్పుడు తీర్పును చెప్పుదురు. ప్రశ్నించుట తప్పని మేమనము. ప్రజాస్వామ్యమున చర్చ అవసరము. కాని జరిగిన సంగతికిని, చెప్పువాని తలంపునకును నడుమ గట్టు తెగినచో, వినువానికి ఏది ఏదియో తెలియదు. గృహస్థులు వార్తలు వినునప్పుడు ఈ ఒక్కటి గమనింతురు గాక: ఇది జరిగినదా, లేక ఇతడనుకొన్నదా? జగ్గయ్యగారును, శాంతిస్వరూప్‌గారును వార్తలు చదువునపుడు ఆ ప్రశ్న మన పెద్దలకు తోచలేదు. చూడని మనిషిని వారు నమ్ముటకు కారణమదియే.