మైదాకూ నువ్వులకూ మధ్య ఒక పుస్తకం

మా వీధి చివరి బేకరీలో బన్నుల మీద నువ్వులు చల్లి అమ్ముతారు. ఒక ఆదివారం పొద్దున్నే ఏమీ తోచక, బన్ను మీది నువ్వులన్నీ గోటితో గీకి కాగితంలో పోసి, వంటింటి కాటా మీద పెట్టాను. 2 గ్రాములు తూగాయి. మా ఆవిడ చూసి ఏమీ అనలేదు గానీ కాఫీ మాత్రం ఆలస్యంగా వచ్చింది. బన్నులోకి 50 గ్రాముల మైదా పట్టిందనుకుందాం. అంత మైదాలో కాల్షియం పదకొండున్నర మిల్లీగ్రాములు. పైన చల్లిన ఆ కాసిని నువ్వుల్లో 29. బన్ను మొత్తం కన్నా దాని నెత్తిన ఉన్న గింజలే గట్టివని తేలింది. అప్పటికైతే అలాగే అనుకున్నాను.

ఈ లెక్కకు ఆధారం ఒక పాత పుస్తకం. భారతీయ ఆహార పదార్థాల పోషక విలువల మీద హైదరాబాదు నుంచి 1971లో వచ్చింది. హోమ్‌ సైన్సు చదివినవాళ్ల ఇళ్లలో దాని అట్ట ఊడిపోయిన ప్రతులు ఇప్పటికీ కనిపిస్తాయి. దాని ప్రకారం 100 గ్రాముల మైదాలో 348 కిలోకేలరీలు, 11 గ్రాముల మాంసకృత్తులు, 23 మిల్లీగ్రాముల కాల్షియం. అంతే నువ్వుల్లో 563 కిలోకేలరీలు, 18.3 గ్రాముల మాంసకృత్తులు, 1450 మిల్లీగ్రాముల కాల్షియం. కాల్షియంలో మనం గొప్పగా చెప్పుకునే రాగులే 344 దగ్గర ఆగిపోయాయి. ఈ రోజు గింజల పొట్లాల మీద, ఫోన్లలో తిరిగే ఆరోగ్య సూత్రాల్లో కనిపించే అంకెల్లో చాలావాటి మూలం ఈ పుస్తకమే. ఎవరు, ఎక్కడ, ఎందుకు తూచారన్నది మాత్రం ఎవరూ చెప్పరు.

ఆ కథ నీలగిరుల్లోని కూనూరులో, 1918లో మొదలైంది. అక్కడి పాశ్చర్‌ ఇన్‌స్టిట్యూట్‌లో ఒకే ఒక్క గదిలో రాబర్ట్‌ మెక్‌కారిసన్‌ అనే వైద్యుడు బెరిబెరి మీద పరిశోధనకు కూర్చున్నాడు. ఆ జబ్బు పీడించిన ప్రాంతం మనదే. ఆనాటి ఉత్తర సర్కారు జిల్లాల్లో, కృష్ణా గోదావరి డెల్టాల పొడుగునా, కాళ్లు తిమ్మిరెక్కి, నీరు పట్టి, గుండె ఆగి మనుషులు పోయేవారు. పక్కనే తమిళ జిల్లాల్లో అన్నమే తింటున్నా ఈ బాధ అంతగా లేదు. తేడా బియ్యంలో ఉంది. వాళ్లవి ఉప్పుడు బియ్యం. మనవి మిల్లులో తెల్లగా పట్టించిన పచ్చి బియ్యం. వడ్లు ఉడికించినప్పుడు బి1 విటమిన్‌ గింజ లోపలికి ఇంకుతుంది. ఉడికించకుండా పాలిష్‌ పడితే తవుడుతో పాటే పోతుంది. ఆ తవుడు గేదెలు తిన్నాయి, బియ్యం మనం తిన్నాం. గోధుమను మైదా చేసేటప్పుడు జరిగేదీ ఇదే. అందుకే మైదా గురించి మాట్లాడాలంటే కూడా డెల్టా బియ్యం మిల్లు దగ్గరే మొదలుపెట్టాలి.

మెక్‌కారిసన్‌ మైదానూ వదల్లేదు. ఎలుకలను గుంపులుగా విడదీసి ఒక్కో ప్రాంతం భోజనం ఒక్కో గుంపుకు పెట్టాడు. సిక్కుల తిండి, అంటే గోధుమ రొట్టెలు, పాలు, వెన్న, మొలకలు, కూరగాయలు తిన్న ఎలుకలు నిగనిగలాడుతూ పెరిగాయి. ఇంకో గుంపుకు ఇంగ్లండు పేదల తిండి పెట్టాడు. తెల్ల బ్రెడ్డు, మార్గరిన్‌, జామ్‌, డబ్బా మాంసం, తియ్యటి టీ. అవి ఎదగలేదు, జబ్బుపడ్డాయి, మేత పెట్టేవాళ్ల చేతులు కరిచాయి. చివరకు తమలో బలహీనమైనవాటిని చంపి తినడం మొదలుపెట్టాయి. పాలించే దొరల దేశపు తిండి గురించి ఆ దొరల కొలువులోనే ఉండి ఇలా రాయడానికి గుండె కావాలి.

ఆయన తర్వాత 1935లో ఆ కూనూరు ప్రయోగశాలకు ఎక్రాయిడ్‌ అనే ఆయన వచ్చాడు. ఎలుకలతో సరిపెట్టకుండా, మన బజారులో దొరికే తిండి గింజలు, కూరలు, నూనె గింజలు తెప్పించి పరీక్ష చేయించి, 1937లో 23వ నంబరు హెల్త్‌ బులెటిన్‌గా అచ్చు వేయించాడు. మన తిండికి మన దేశంలో తయారైన ఆ పట్టికే తర్వాతి పుస్తకాలకు తల్లి. ఎక్రాయిడ్‌ ఆ తర్వాత బెంగాల్‌ కరువు మీద వేసిన విచారణ సంఘంలో సభ్యుడయ్యాడు, అటునుంచి ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థకు వెళ్లాడు. 1958లో ప్రయోగశాల కూనూరు కొండ దిగి హైదరాబాదులో, ఉస్మానియా విశ్వవిద్యాలయం పక్కన తార్నాకకు చేరింది. 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. గోపాలన్‌, రామశాస్త్రి, బాలసుబ్రమణియన్‌ల పేర్లతో 1971లో వచ్చిన పుస్తకం అక్కడిదే. పై లెక్కలన్నీ అందులోవే.

ఇంతకీ గింజలో మాంసకృత్తులు 18 గ్రాములని ఎలా తెలుస్తుంది? మాంసకృత్తులను ఎవరూ నేరుగా తూచరు. తూచేది నైట్రోజన్ని. 1883లో కోపెన్‌హాగెన్‌లో యోహాన్‌ కెల్డాల్‌ అనే రసాయనవేత్త ఈ దారి కనిపెట్టాడు. ఆయన పనిచేసింది కార్ల్స్‌బర్గ్‌ ప్రయోగశాలలో. అవును, ఆ బీరు వాళ్లదే. బీరుకు వాడే బార్లీలో మాంసకృత్తులెన్నో తెలియాలి. గింజల పిండిని గాఢ సల్ఫ్యూరిక్‌ ఆమ్లంలో మరిగించి, వచ్చిన నైట్రోజన్ని కొలిచి, దాన్ని 6.25తో గుణించేస్తే సరి. మాంసకృత్తుల్లో నైట్రోజన్‌ 16 శాతం ఉంటుందన్న ఒప్పందం మీద నడిచే గుణకారం ఇది. అన్ని గింజలూ ఆ ఒప్పందం మీద సంతకం చేయలేదు. 1931లో అమెరికాలో జోన్స్‌ అనే ఆయన లెక్కలు సరిచూసి, తెల్ల గోధుమపిండికి 5.70, నువ్వులకు 5.30 వాడాలన్నాడు. 100 గ్రాముల నువ్వుల్లో 3 గ్రాముల నైట్రోజన్‌ ఉందనుకోండి. పాత గుణకంతో పద్దెనిమిది ముప్పావు గ్రాముల మాంసకృత్తులు, కొత్తదానితో 15.9. గింజ మారలేదు, గుణకారం మారింది. కేలరీలదీ ఇదే తంతు. మాంసకృత్తులకు 4, కొవ్వుకు 9, పిండి పదార్థానికి 4 అన్నది 19వ శతాబ్దం చివర్లో అమెరికాలో అట్‌వాటర్‌ స్థిరపరిచిన లెక్క. మనిషిని గదిలాంటి పెట్టెలో కూర్చోబెట్టి, ఒంట్లోంచి వచ్చే వేడిని కొలిచిన మనిషి ఆయన.

పీచు పదార్థం సంగతి మరీ చిత్రం. 1971 పుస్తకంలో గోధుమపిండి పీచు 1.9 గ్రాములు, మైదాది 0.3. అదే సంస్థ 2017లో కొత్త పట్టికలు వేసింది. దేశాన్ని 6 ప్రాంతాలుగా చేసి సరుకు సేకరించి, 528 పదార్థాల్లో 151 అంశాలు కొలిచారు. అందులో గోధుమపిండి పీచు 11 గ్రాములు దాటింది, మైదాది 2.76. నలభై ఆరేళ్లలో గోధుమకు పీచు మొలవలేదు. పూర్వం ఆమ్లంలో, క్షారంలో ఉడికించాక మిగిలిన పిప్పినే పీచు అనేవారు. ఇప్పుడు మన కడుపు అరిగించుకోలేనిదంతా పీచే. ఆ కొత్త పుస్తకంలో శక్తిని కేలరీల్లో కాకుండా కిలోజౌళ్లలో ఇచ్చి మాలాంటివాళ్లను కాస్త ఇబ్బంది పెట్టారు. ప్రతిసారీ 4.184తో భాగించుకోవాలి.

కాల్షియంలో నువ్వులు మాట నిలబెట్టుకున్నాయి. కొత్త లెక్కలో తెల్లవి 1283, నల్లవి 1664. నిలబెట్టుకోనివీ ఉన్నాయి. హలీం గింజలని అమ్ముతారే, కొందరు ఆదిత్యాలంటారు, రంజాన్‌ హలీంకూ వీటికీ ఏ చుట్టరికమూ లేదు. పాత పుస్తకంలో వాటి ఇనుము 100 మిల్లీగ్రాములు. రక్తహీనతకు బ్రహ్మాస్త్రమని నేటికీ చెప్పుకునేది ఆ అంకెను చూసే. 2017 పట్టికలో అది 17 దగ్గరికి దిగింది. నేల, వంగడం, పరీక్ష పద్ధతి, ఏది మారినా అంకె మారుతుంది. గింజకు చిటికెడు మట్టి అంటుకున్నా ఇనుము లెక్క పెరుగుతుందని ప్రయోగశాలలో పనిచేసేవాళ్లకు తెలుసు. 17 కూడా తక్కువేం కాదు, మైదాలో ఉన్నది 2 లోపే. కానీ 100 అని ప్రచారం చేసేవాళ్లు ఏ ఏటి పుస్తకం చూశారో అడగండి.

పట్టికలో ఉన్నదంతా ఒంటికి చేరుతుందా అన్నది వేరే ప్రశ్న. ఇంగ్లండులో మెక్‌కాన్స్‌, ఎల్సీ విడోసన్‌ అనే పరిశోధకుల జంట అది అడిగింది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో తామే ప్రయోగ జీవులై బ్రెడ్డు, క్యాబేజీ, బంగాళాదుంపల మీద నెలల తరబడి బతికి, మలమూత్రాలు సైతం దాచి కొలిచారు. తవుడున్న గోధుమ బ్రెడ్డులో ఖనిజాలు ఎక్కువే ఉన్నా, అందులోని ఫైటిక్‌ ఆమ్లం కాల్షియాన్ని పట్టుకుని ఒంటికి అందనివ్వడం లేదని తేలింది. ఆ ఫలితంతోనే బ్రిటన్‌లో పిండికి సుద్ద కలపడం మొదలైంది. నువ్వుల పొట్టులోనూ ఆక్సాలిక్‌ ఆమ్లం ఉంది, అదీ ఇలాగే కాల్షియాన్ని కట్టి పడేస్తుంది. నువ్వుల కాల్షియంలో ఎక్కువ భాగం ఆ పొట్టులోనే ఉంది మరి.

పొట్టు అనగానే నా బన్ను గుర్తొచ్చింది. సాయంత్రం బేకరీకి వెళ్లి, ఇవి ఏ నువ్వులని అడిగాను. “పొట్టు తీసినవే సార్‌. ముడి నువ్వులేస్తే బన్ను మురిగ్గా కనబడుద్ది, ఎవరూ కొనరు” అన్నాడు. అమెరికా వ్యవసాయ శాఖ పట్టికలో పొట్టుతో ఉన్న నువ్వులకూ పొట్టు తీసినవాటికీ వేరువేరు వరుసలున్నాయి. 100 గ్రాములకు పొట్టున్నవాటిలో కాల్షియం 975 మిల్లీగ్రాములు. తీసినవాటిలో 60. అంటే నా 2 గ్రాముల్లో ఉన్నది 29 కాదు, ఒకటి పైన కాస్త. ఆ బన్నులో కాల్షియం పందెం నెగ్గింది మైదాయే.