మధ్యాహ్న భోజన పథకం (ఆంధ్రప్రదేశ్)

ఆంధ్రప్రదేశ్ రాష్ట్రంలోని ప్రభుత్వ, ఎయిడెడ్ పాఠశాలల విద్యార్థులకు పనిదినాలలో మధ్యాహ్నం వండిన భోజనాన్ని ఉచితంగా అందించే పథకమే మధ్యాహ్న భోజన పథకం. 2024లో దీనికి డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. ఈమె (1841-1909) గోదావరి లంకలలో అన్నదాతగా ప్రసిద్ధురాలు. పిల్లల ఆకలి తీర్చి బడికి రప్పించడం తొలి ఉద్దేశం కాగా, వారిచేత గుడ్డు, ఆకుకూర, చిరుధాన్యాలు తినిపించడం తరువాత ప్రధానమైంది.

చరిత్ర

కేంద్ర ప్రభుత్వం 1995 ఆగష్టు 15న ఈ పథకాన్ని ప్రారంభించినా, చాలా రాష్ట్రాలలో పిల్లలకు నెలకు 3 కిలోల ధాన్యం ఇవ్వడంతోనే సరిపెట్టారు. ఆ బియ్యం ఇంటిల్లిపాదికీ వెళ్ళేది. వండిన భోజనమే పెట్టాలని, అందులో కనీసం 300 కేలరీలు, 8 నుండి 12 గ్రాముల మాంసకృత్తులు ఉండాలని సుప్రీంకోర్టు 2001 నవంబరు 28న ఆదేశించింది. తదనుగుణంగా 2003 జనవరి నుండి ఆంధ్రప్రదేశ్ బడులలో వంట మొదలైంది. వంట బాధ్యతను ఎక్కువగా స్థానిక పొదుపు సంఘాల మహిళలు స్వీకరించారు.

భోజన పట్టిక

రోజూ ఒకే తీరు అన్నం, నీళ్ళ చారు అయితే పిల్లలు విసుగు చెందుతారు. ఈ లోపాన్ని సవరిస్తూ 2020 జనవరి 21న "జగనన్న గోరుముద్ద" పేరుతో ఆరు రోజులకు ఆరు రకాల పట్టిక తెచ్చారు. పులిహోర, కిచిడీ, ఆకుకూర పప్పు, చక్కెర పొంగలి వంటివి చేరాయి. వారానికి ఐదు గుడ్లు, మూడు రోజులు వేరుశనగ చిక్కీ ఇచ్చారు. చిక్కీ లేని మూడు రోజులలో రాగిజావ ఇవ్వడం 2023 మార్చి 21న మొదలైంది. 100 గ్రాముల రాగులలో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. బియ్యంలో ఉండేది అతి స్వల్పం. రాగులను చోళ్ళని పిలిచే ఉత్తరాంధ్రలో ఇది కొత్త ఆహారమేమీ కాదు, చోడి అంబలి అక్కడి పాత అలవాటే.

2025లో ప్రాంతీయ రుచులను బట్టి రాష్ట్రాన్ని నాలుగు జోన్లుగా విభజించి, వేర్వేరు పట్టికలు రూపొందించారు. నక్కపల్లి మండలం ఉన్న అనకాపల్లి జిల్లా ఉత్తరాంధ్ర జోనులోనిది. అదే సంవత్సరం జనవరిలో పథకాన్ని ప్రభుత్వ జూనియర్ కళాశాలలకూ విస్తరించారు.

పిల్లల ఆదరణ

పట్టికలో ఉన్నంత మాత్రాన ఏ పదార్థమూ పిల్లల కడుపులోకి చేరదు. రేషను బియ్యపు అన్నం ముద్దవుతుందన్న ఫిర్యాదు చాలాకాలం ఉండేది. 2025 జూన్ నుండి సన్నబియ్యం సరఫరా చేపట్టారు. రక్తహీనత నివారణకు ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 చేర్చిన గింజలను 100 పాళ్ళ బియ్యానికి ఒక పాలు చొప్పున కలిపే పద్ధతికి మరో చిక్కు ఎదురైంది. రంగులో తేడాగా కనిపించే ఆ గింజలను "ప్లాస్టిక్ బియ్యం" అని అనుమానించి ఏరి పారేసేవారు. బియ్యప్పిండితోనే చేసినవని తల్లిదండ్రులకు, వంట చేసేవారికి ముందుగా చెప్పవలసి ఉంది. ఏరేస్తే పోయేది ఆ పోషకాలే.